విశ్లేషణ: గ్రంథాలిచ్చే దాతలున్నారు, వాటిని పోషించే దాతలేరీ?

1905లో తంజావూరు జిల్లాకు చెందిన ఒక పండితుడు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఒక తాళపత్ర గ్రంథాన్ని అప్పగించారు. గ్రంథ లిపిలో ఉన్న ఆ ఆకులను అక్కడి గ్రంథపాలకుడు ఆర్. శామశాస్త్రి ఓపికగా చదివారు. అంతవరకు ఇతర గ్రంథాల్లోని ప్రస్తావనల ద్వారా మాత్రమే తెలిసిన కౌటిల్యుని అర్థశాస్త్రం అదేనని గుర్తించారు. 1909లో మూలాన్నీ, 1915లో ఆంగ్లానువాదాన్నీ వెలువరించారు. ప్రాచీన భారత రాజ్యతంత్రాన్ని గురించి చరిత్రకారులకు ఉన్న అవగాహన ఆ తర్వాత మునుపటిలా లేదు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఆ గ్రంథాలయం దాని పరిధిలోకి వచ్చింది.

ఈ ఉదంతంలో ఇద్దరు వ్యక్తులున్నారు. ఒకరు ఇచ్చినవారు, మరొకరు చదివినవారు. ఇచ్చినవారు తంజావూరు జిల్లా పండితుడన్నంత వరకే లోకానికి తెలుసు. ఆయన ఇవ్వకపోతే శామశాస్త్రికి చదవడానికి ఏమీ ఉండేది కాదు. చదవగల మనిషిని గ్రంథాలయం జీతమిచ్చి నియమించుకోకపోతే ఆ కట్ట మరో నాలుగు కట్టల కింద పడి ఉండేది. మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోని అరుదైన సేకరణల సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. గ్రంథాలను, పత్రాలను ఇచ్చే దాతలు ఈ దేశంలో ఎన్నడూ కరవు కాలేదు. వాటిని చదివి, వివరం రాసి, కాపాడే పనికి డబ్బు ఇచ్చేవారే కరవు.

జాతీయ స్థాయిలో కదలిక

రాతప్రతుల పరిరక్షణ ఇటీవల మళ్లీ ప్రభుత్వ ప్రాధాన్యాల్లోకి వచ్చింది. 2003 ఫిబ్రవరిలో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ చాలాకాలం పరిమిత నిధులతోనే నడిచింది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ‘జ్ఞాన భారతం’ మిషన్‌ను ప్రకటించారు. విద్యాసంస్థలు, మ్యూజియంలు, గ్రంథాలయాలు, ప్రైవేటు సేకర్తల వద్ద ఉన్న కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, పరిరక్షించడం దాని లక్ష్యం. కేటాయింపు రూ.3.5 కోట్ల నుంచి రూ.60 కోట్లకు పెరిగింది. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో ప్రధానమంత్రి జ్ఞాన భారతం పోర్టల్‌ను ప్రారంభించారు.

పెరుగుదల గణనీయమే. అయితే రూ.60 కోట్లను కోటి రాతప్రతులకు పంచితే ఒక్కోదానికి రూ.60 వస్తుంది. ఒక తాళపత్ర గ్రంథాన్ని శుభ్రపరచి, ఫొటో తీసి, లిపి తెలిసిన పండితుడితో వివరం రాయించడానికి ఆ మొత్తం ఏ మూలకూ చాలదు. పైగా విశ్వవిద్యాలయాల ప్రత్యేక సేకరణలంటే రాతప్రతులు మాత్రమే కావు. రచయితల ఉత్తరాలు, డైరీలు, తొలినాటి అచ్చు పుస్తకాలు, ఆగిపోయిన పత్రికల సంచికలు, కరపత్రాలు, నాటక సమాజాల ప్రకటనలు, వ్యాపారుల చిట్టాలు, గ్రామఫోను రికార్డులు, ఫొటోలు కూడా వాటిలో ఉంటాయి. వీటిలో అధిక భాగం రాతప్రతుల మిషన్ పరిధిలోకి రాదు. ఆ ఖాళీని నింపాల్సింది విశ్వవిద్యాలయాలు, వాటి వెనక నిలిచే దాతలు.

భాషా చరిత్రకు ఈ చిన్న కాగితాల విలువ చాలా ఎక్కువ. అచ్చయిన పుస్తకంలో సంపాదకుడు సరిదిద్దిన భాష ఉంటుంది. ఉత్తరంలో, చిట్టాలో, సభా ఆహ్వాన పత్రంలో మనుషులు నిజంగా వాడిన మాట ఉంటుంది. ఒక పదం ఏ జిల్లాలో, ఏ కాలంలో, ఏ వృత్తివారి నోట నలిగిందో తెలియడానికి నిఘంటువు కన్నా అవే దగ్గరి సాక్ష్యాలు. నిఘంటుకర్తలు కూడా వాటిమీదే ఆధారపడతారు. ఇవి పోతే ఆ మాటలకు రుజువు ఉండదు.

పుస్తకాలు వచ్చాక మొదలయ్యే ఖర్చు

ఒక పండితుడో, సంపాదకుడో మరణిస్తే కుటుంబం ఎదుట రెండు దారులుంటాయి. ఇల్లు మారేలోగా పుస్తకాలను పాత కాగితాల వ్యాపారికి తూకానికి ఇవ్వడం ఒకటి, విశ్వవిద్యాలయానికి ఫోన్ చేయడం మరొకటి. రెండో దారి పట్టినవారికి తమ బాధ్యత తీరిందన్న ఊరట కలుగుతుంది. గ్రంథాలయానికి అసలు ఖర్చు అక్కడే ప్రారంభమవుతుంది.

మొదట చెదలు, పుస్తకపు పురుగు, బూజు ఉన్నాయేమో చూసి, కొత్తగా వచ్చిన కట్టలను పాతవాటికి దూరంగా ఉంచాలి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల తెలుగు పత్రికల్లో చాలావరకు చవక కాగితంపై అచ్చయ్యాయి. కర్రగుజ్జుతో చేసిన ఆ కాగితంలో ఆమ్ల గుణం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపు రంగుకు మారి, మడత పెట్టినచోట అప్పడంలా విరుగుతుంది. దానికి ఆమ్లరహితమైన పెట్టెలు, కవర్లు కావాలి. తాళపత్రాలకు మెత్తని కుంచె, నిమ్మగడ్డి నూనె, అలవాటుపడిన చేతులు కావాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పెరిగే ప్రమాదం ఎక్కువ. కోస్తా జిల్లాల వర్షాకాలంలో ఆ హద్దు దాటడం మామూలే. ఏసీని పగలు నడిపి రాత్రి ఆపేస్తే వేడి, తేమలు రోజూ ఎగుడుదిగుడవుతాయి. కాగితానికి అది మరింత హాని. అంటే కరెంటు బిల్లు కూడా పరిరక్షణ ఖర్చే.

అంతకన్నా పెద్ద ఖర్చు మనుషులది. పత్రాలు ఎవరివి, ఏ క్రమంలో వచ్చాయి, ఏ కట్టలో ఏముంది అన్న వివరణ సూచిక తయారు చేయాలి. విషయం తెలిసిన వ్యక్తి నెలల తరబడి కూర్చుంటే తప్ప అది పూర్తికాదు. సూచిక లేని సేకరణ ఉన్నా లేనట్టే. పరిశోధకుడు వచ్చి అడిగితే ఉందో లేదో సిబ్బంది చెప్పలేరు. ఏదైనా మాయమైతే మాయమైందని కూడా తెలియదు.

డిజిటలీకరణను చాలామంది దీనికి ప్రత్యామ్నాయంగా భావిస్తున్నారు. స్కానింగ్ వల్ల ఒరిజినల్‌పై ఒత్తిడి తగ్గుతుంది, దూరాన ఉన్న పాఠకుడికి ప్రతి అందుతుంది. పూర్వపు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించడం వల్ల ఎందరో పరిశోధకులకు మేలు జరిగింది. కానీ పేరు, తేదీ, విషయం లేని స్కాన్ ఫైలు సూచిక లేని కట్టతో సమానం. సర్వర్లను, ఫైల్ రూపాలను కాలానుగుణంగా మార్చుకుంటూ పోకపోతే అది కాగితం కన్నా ముందే అందుబాటులో లేకుండా పోతుంది.

భద్రతను తేలిగ్గా తీసుకున్నప్పుడు ఏమవుతుందో దేశం చూసింది. 2004 మార్చిలో శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయం రవీంద్ర భవన్ నుంచి ఠాగూర్ నోబెల్ పతకం చోరీకి గురైంది. నోబెల్ ఫౌండేషన్ తర్వాత ప్రతిరూపాలు ఇచ్చింది కానీ అసలు పతకం దొరకలేదు. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వరద సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ సేకరణను దెబ్బతీసింది. అది విశ్వవిద్యాలయం కాకపోయినా పాఠం అందరికీ ఒకటే. ఏ అంతస్తులో పెట్టాలి, నీరు వస్తే ముందుగా ఏ కట్టలను తరలించాలి అన్న ప్రణాళిక ప్రమాదానికి ముందే ఉండాలి.

షరతులు రాసుకోని దానం

డబ్బు తర్వాత రెండో సమస్య కాగితం మీద లేని ఒప్పందాలు. ఢిల్లీలోని ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం వద్ద ఉన్న నెహ్రూ పత్రాల వివాదం ఇందుకు తాజా ఉదాహరణ. ఆ సేకరణలోని 51 పెట్టెలు 2008లో సోనియా గాంధీ వద్దకు తిరిగి వెళ్లాయి. వాటిని మళ్లీ అప్పగించాలని సంస్థ కోరుతోంది. న్యాయం ఎవరి పక్షాన ఉందన్న రాజకీయ చర్చను పక్కన పెడదాం. అన్ని సేకరణలకూ వర్తించే ప్రశ్న ఒకటుంది: పత్రాలు సంస్థకు చేరిన రోజున అవి శాశ్వత దానమా, భద్రపరచడానికి ఉంచిన సొత్తా? ఆ సమాధానం మొదటి రోజే స్పష్టంగా రాసి ఉంటే దశాబ్దాల తర్వాత వాదన తలెత్తదు.

చట్టం ఈ విషయంలో చెప్పేది తక్కువేమీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇచ్చేవారు ఇస్తే సరిపోదు, పుచ్చుకునేవారు అంగీకరించాలి. అదీ దాత జీవించి ఉండగానే జరగాలి. పుస్తకాల వంటి చరాస్తి దానం రిజిస్టరు పత్రం ద్వారా గానీ, వస్తువును అప్పగించడం ద్వారా గానీ పూర్తవుతుంది. ఆటోలో తెచ్చి వరండాలో దింపి వెళ్లిన పుస్తకాలకు అంగీకార పత్రం లేకపోతే అవి ఎవరి బాధ్యతో చెప్పడం కష్టం.

కాపీరైటు మరో చిక్కు. ఉత్తరాల కట్టను ఇచ్చినంత మాత్రాన ఆ ఉత్తరాలను ప్రచురించే హక్కు గ్రంథాలయానికి రాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు బదిలీకి లిఖితపూర్వక ఒప్పందం అవసరం. రచయిత జీవించి ఉండగా ప్రచురితమైన రచనలపై ఆయన మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు కొనసాగుతుంది. వీలునామా ద్వారా అముద్రిత రాతప్రతిని ఒకరికి రాసిచ్చినప్పుడు మాత్రం, వేరుగా చెప్పకపోతే, కాపీరైటు కూడా దానితోపాటే వెళ్తుంది. పైగా ఒక రచయిత ఇంట్లో ఉన్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇతరులు ఆయనకు రాసినవి. వాటి హక్కులు రాసినవారివి. డిజిటలీకరణ కోసం దాత అనుమతి తీసుకుంటే చాలనుకునే సంస్థలు ఈ సంగతి గమనించాలి. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి కాబట్టి, విదేశీ విశ్వవిద్యాలయానికి పంపాలనుకునే కుటుంబాలు ఎగుమతి ఆంక్షలను కూడా తెలుసుకోవాలి.

సేకరణ కదలకుండానే సాయం

విదేశీ సాయం అంటే సేకరణ విదేశాలకు తరలిపోవడమే కానక్కర్లేదని చెన్నైలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం నిరూపించింది. చెట్టినాడులోని కొట్టైయూరుకు చెందిన రోజా ముత్తయ్య చెట్టియార్ తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు జీవితాంతం పోగుచేశారు. ఆయన 1992లో మరణించారు. సుమారు లక్ష వస్తువులున్న ఆ సేకరణను షికాగో విశ్వవిద్యాలయం కొనుగోలు చేసింది. అయితే ఓడ ఎక్కించలేదు. 1994లో చెన్నైలోనే గ్రంథాలయంగా నెలకొల్పి, సూచీకరణకు, మైక్రోఫిల్మింగ్‌కు, సిబ్బంది శిక్షణకు తోడ్పడింది. తమిళ పరిశోధకుడు తన ఊళ్లోనే మూలాన్ని చూడగలుగుతున్నాడు. అక్కడ పెట్టిన డబ్బులో పుస్తకాల ధర ఒక భాగమే. ఆ తర్వాత ఏళ్ల తరబడి కొనసాగిన పనే దానిని గ్రంథాలయంగా నిలబెట్టింది.

తెలుగువారికి ఈ పాఠం కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, అందులో పండితులను సొంత డబ్బుతో పోషించి, ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పోల్చి చూపించే ఏర్పాటు చేశారు. తాళపత్రాలను కొన్న డబ్బు ఎంత ముఖ్యమో ఆ పండితుల జీతాలూ అంతే ముఖ్యమని ఆయనకు తెలుసు. ఆయన సేకరణ తర్వాత మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. అదే భాండాగారంలోని మెకంజీ సేకరణ వెనక కావలి సోదరుల వంటి తెలుగు సహాయకుల శ్రమ ఉంది. వారు ఊరూరూ తిరిగి కైఫీయతులు సేకరించకపోతే, వాటికి వివరాలు రాయకపోతే మన స్థానిక చరిత్రల్లో అనేకం మిగిలేవి కావు.

బ్రౌన్ నివసించిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ తర్వాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఇలాంటి ప్రతిచోటా దాతలు ఇచ్చిన గ్రంథాలు ఉన్నాయి. వాటిని చదవగల వ్యక్తి పదవీ విరమణ చేసినప్పుడు ఆ స్థానంలో మరొకరిని నియమించగల నిధి ఉందా అన్నదే ప్రతి సంస్థా వేసుకోవాల్సిన ప్రశ్న. ఒకే వ్యక్తి జ్ఞాపకశక్తి మీద నడిచే సేకరణ ఆ వ్యక్తితోపాటే మూగబోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి రావాలి

మధ్యయుగపు ఆంధ్రదేశంలో గుడిలో అఖండదీపం పెట్టించినవారు ప్రమిద ఒక్కటే ఇచ్చి వెళ్లలేదు. దీపానికి నిత్యం నెయ్యి అందేలా ఆవులనో, గొర్రెలనో దానం చేసి, వాటిని మేపి నెయ్యి పోసే బాధ్యత ఎవరిదో కూడా శాసనంలో రాయించారు. నేటి భాషలో దాని పేరు మూలనిధి. అసలు కదలకుండా, వడ్డీతో పని జరిగే ఏర్పాటు. ఉదాహరణకు ఒక పూర్వ విద్యార్థుల సంఘం కోటి రూపాయలు సమకూర్చి ఏటా 6 శాతం రాబడి వచ్చేలా ఉంచితే ఏడాదికి రూ.6 లక్షలు వస్తాయి. నెలకు రూ.50 వేలు. ఒక సూచీకర్తకు జీతమది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళాన్ని తెలుగువారు ఇప్పటికీ తలచుకోవడానికి కారణం మొత్తం ఒక్కటే కాదు, అది ఏటా అందడం కూడా.

కంపెనీలకు ఈ దారి చట్టంలోనే ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. చట్టంలోని ఏడో షెడ్యూలు అందుకు అర్హమైన పనుల్లో జాతీయ వారసత్వం, కళ, సంస్కృతుల పరిరక్షణను, విద్యను చేర్చింది. విశ్వవిద్యాలయం అడగాల్సింది మరో రీడింగ్ హాలు కాదు. శిలాఫలకం పడే భవనానికి దాత త్వరగా దొరుకుతాడు. ఐదేళ్లపాటు ఇద్దరు సూచీకర్తలకు, ఒక పరిరక్షకుడికి జీతం అడిగే ప్రతిపాదనను ఎన్ని గ్రంథాలయాలు సిద్ధం చేసుకున్నాయి?

పన్ను నిబంధన మాత్రం గ్రంథదాతకు అనుకూలంగా లేదు. 80జీగా అందరూ ఎరిగిన మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది. రూ.2 వేలు మించితే బ్యాంకు ద్వారా చెల్లించాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ ఉండదు. తాత కూడబెట్టిన అరుదైన పత్రికల సంపుటాలను ఇచ్చే కుటుంబానికి పన్నులో రూపాయి కూడా తగ్గదు. నిపుణుల సంఘం విలువ కట్టిన వారసత్వ సేకరణలకు పరిమితమైన మినహాయింపునైనా ఇవ్వడాన్ని కేంద్రం పరిశీలించాలి.

విదేశాల్లోని తెలుగువారు సాయం చేయాలనుకుంటే పౌరసత్వం కీలకం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. శాసనం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకు దాని నుంచి మినహాయింపు ఉంది. తమ స్థితి ఏమిటో విశ్వవిద్యాలయాలు ముందే వెల్లడిస్తే దాతలకు గందరగోళం తగ్గుతుంది.

ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి

పుస్తకాలు ఇవ్వదలచిన కుటుంబం ముందుగా జాబితా రాసుకోవాలి. కట్టల క్రమాన్ని చెదరగొట్టకూడదు. రచయిత ఏ ఉత్తరాన్ని ఏ పుస్తకంలో దాచుకున్నాడన్నది కూడా పరిశోధకుడికి సమాచారమే. ఎవరికి, ఎప్పటి నుంచి చూసే వీలుండాలో, ఎప్పటివరకు మూసి ఉంచాలో దానపత్రంలో తేదీలతో రాయాలి. వీలైతే పుస్తకాలతోపాటు వాటి సూచీకరణకు అయ్యే ఖర్చులో కొంతైనా ఇవ్వాలి. డబ్బు లేకపోతే సమయం ఇవ్వవచ్చు. తాత చేతిరాత చదవగలిగేది, ఫొటోల్లోని మనుషులను గుర్తుపట్టగలిగేది ఇంటివారే. ఆ పెద్దవారు ఉండగానే గ్రంథాలయం వారితో కూర్చోవాలి.

విశ్వవిద్యాలయం వైపు బాధ్యత ఇంకా ఎక్కువ. తాము దేన్ని స్వీకరిస్తామో, దేన్ని స్వీకరించలేమో చెప్పే విధానాన్ని ప్రచురించాలి. పోషించలేని సేకరణను మర్యాదగా వద్దని, తగిన సంస్థను సూచించడం కూడా సేవే. స్వీకరించినదానికి రసీదు, గడువుతో కూడిన సూచీకరణ ప్రణాళిక ఇవ్వాలి. ఏటా ఎన్ని కట్టలకు వివరం రాశారో, ఎందరు పరిశోధకులు వాడారో, నిధి ఎంత ఖర్చయిందో దాతకు నివేదించాలి. ఇచ్చిన పుస్తకాలు ఏమయ్యాయో తెలియని కుటుంబం మరో కుటుంబానికి ఆ దారి చూపించదు.

మైసూరులో ఆ రోజు గ్రంథం అందుకున్న చోట దాన్ని చదవగల మనిషి ఉన్నాడు. నేడు ఏ ఊరి నుంచో ఒక వృద్ధుడు తాళపత్రాల కట్టను గుడ్డలో చుట్టుకొని విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్లెక్కితే ఎదురుగా ఎవరుంటారు? ఆ కుర్చీ ఖాళీగా ఉండకుండా చూడటమే ఇప్పుడు చేయదగిన దానం.